ఇబాదాను పూటకూళ్లమ్మ

పరదేశపు భోజనశాలకు పోయివచ్చినవారు చెప్పు మాటలను నేను కొంచెము జాగ్రత్తగా వినుచుందును. తాము వంటకమును గూర్చి చెప్పుచున్నామని వారనుకొందురు గాని, పలుమారు తమ్మును గూర్చియే చెప్పుకొనుచుందురు. గత వేసవిలో మా బంధువొకడు లండను నగరమున నైజీరియా భోజనశాలలో తిని వచ్చి, "అంతయు మంట, అంతయు జిగురు, చెంచాకు లొంగని ముద్ద" యని మా యింట వర్ణించెను. పిల్లలందఱును నవ్విరి. నేను నవ్వలేకపోతిని. ఆ ముద్దను నేనును ఒకప్పుడు అట్లే అవమానించితిని. అందువలని సిగ్గు నన్నింకను విడువలేదు.

2012 మొదలు 2014 వఱకు నేను నైజీరియా దేశపు నైరుతి భాగమున నున్న ఇబాదాను నగరమున గణితోపాధ్యాయుడుగా నుంటిని. అది యొరుబా జనుల మహానగరము. అచ్చటి వీధి భోజనశాలను 'బుక' యందురు. రేకుల కప్పు, పొడవైన బల్లలు, మూతలు వేసిన పెద్ద పాత్రలు, వాని వెనుక గరిటె చేతబట్టిన యొక గృహిణి, ఇంతియే సామగ్రి. ఇట్టి యంగడికే 'మామా పుట్' అను మఱియొక పేరు ఆ దేశమున వ్యాపించియున్నది. "అమ్మా, ఇంకొంచెము పెట్టుము" అని తినువా రడుగు మాటయే యంగడి పేరై నిలిచినదట. అన్నము 'పెట్టుట' యను మాట మనకును గలదు గదా! వడ్డించుట వేఱు, పెట్టుట వేఱు. మన పూటకూళ్లమ్మల పేరు మాసిపోయినది గాని, అక్కడ ఆ పేరునకు తగినవా రింకను వీధివీధిని గలరు.

బుకకు పోయినవాడు మొదట ఆమెకు నమస్కారము చెప్పవలెను. మధ్యాహ్నమైనచో "ఎ కాసాన్, మా" అనవలెను. మొదటి 'ఎ' మన 'మీరు' వంటి గౌరవాక్షరము. దానిని విడిచి పెద్దవారిని పలుకరించినచో అమర్యాద. తరువాత ముద్ద లెన్ని కావలెనో, పులుసేదో చెప్పి, మాంసపు తునకలను వ్రేలితో చూపి యేరుకొనవలెను. ఖరీదులో పెద్దపాలు ఆ తునకలదే. చేతులు కడుగుకొనుటకు గిన్నెతో నీళ్లు వచ్చును. కుడిచేతితో తినవలెను, ఎడమచేతితో పెద్దలకు ఏదియు నీయరాదు. ఇందులో మన యవ్వ నేర్పనిదేమున్నది?

ఇబాదాను 'అమల'కు పేరుబడిన ఊరు. పెండలపు గడ్డను చెక్కు తీసి, వేడినీట నుంచి, ఎండబెట్టి, పిండిచేసి, ఆ పిండిని మరుగునీట వేసి కఱ్ఱతో గెలికినచో ముదురు గోధుమరంగు ముద్ద యగును. దానిపై అలసందపప్పుతో చేసిన పసుపుపచ్చని 'గ్బెగిరి', జనపనార మొక్క యాకుతో చేసిన ఆకుపచ్చని 'ఎవెడు', ఎఱ్ఱని మిరపపులుసు, ఈ మూడును కలిపి పోయుదురు.

మొదటి దినమున నన్నొక తోటి యుపాధ్యాయుడు తీసికొనిపోయెను. ఆ ముద్దను చూచి నేను చెంచా యడిగితిని. ఆమె యెవరినో పంపి తెప్పించి యిచ్చెను. చెంచాకు ముద్ద అంటుకొనెను గాని నోటికి రాలేదు. ప్రక్కబల్లవారు చిఱునవ్వు నవ్విరి. "మీ దేశమున నేమి తిందురు?" అని యామె యడిగెను. "వరియన్నము" అంటిని. సగము విడిచి లేచితిని. నాకు జ్వరమా యని యామె నా మిత్రుని అడిగినదట.

చదువరులారా, నేను కడప జిల్లా మెట్టపల్లెలో పుట్టినవాడను. 1983లో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాతను మా యింట రాత్రిపూట రాగిసంకటి మానలేదు. వసతిగృహమున డెల్టా ప్రాంతపు బాలురు నవ్వగా, మాకును అన్నమేయని చెప్పుట నేర్చుకొంటిని. ముప్పది దాటిన పిమ్మట, సముద్రము దాటిపోయియు, నవ్వువారెవ్వరును లేనిచోట, ఆ యబద్ధమునే చెప్పితిని.

నెల గడచినంతట ఒంటరిగా మరల పోయితిని. ముద్దను కొంచెముగా త్రుంచి, వ్రేళ్లతో గుండ్రముగా చేసి, బొటనవ్రేలితో గుంట చేసి, పులుసున ముంచి, నమలక మ్రింగవలెను. సంకటి తినువానికి ఈ విద్య యొకరు నేర్పనక్కఱలేదు. ఎవెడు జిగురు దోషము కాదు, ముద్దను గొంతు దాటించు సాధనము. ఇక మంట సంగతి: గుంటూరు మిరపకాయ నెఱిగినవారు ఆ మాట యెత్తకుండుటయే మేలు. మనము ఎండుకారము వాడుదుము, వారు పచ్చి పండుమిరపను నూరుదురు. ఘాటు నాలుకకన్న ముందు ముక్కునకు తగులును, అంతే భేదము.

ఈ దేశపు తిండి మనకు క్రొత్తయనుటయే నాకు వింతగా నుండును. మన రాగులు తూర్పు ఆఫ్రికా మెట్టభూములందు పుట్టి వేలయేండ్ల క్రిందట మనదేశము చేరినవి. అలసందలు, కోస్తావారి బొబ్బర్లు, అవియు ఆ ఖండమునవే. ఇబాదానులో ఉదయమున అలసందలను నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లి మిరపలతో నూరి నూనెలో వేయుచుండగా వాసన పట్టి పోయి చూచితిని. వారు 'అకరా' యందురు. మా యమ్మ అలసందవడ లనును.

తినువాని ఫిర్యాదులన్నియు కల్లలని నా భావము కాదు. లేగోసు నగరమున ఒక గొప్ప భోజనశాలలో ముప్పది వంటకముల పట్టిక చేతికిచ్చి, దేని నడిగినను "అయిపోయినది" యనిరి. గంటసేపటికి వచ్చిన అమల చల్లారి పైన తోలు కట్టియుండెను. చల్లారిన సంకటిని మా యింటి కుక్కయు మెచ్చదు. అది వంటింటి తప్పు. గట్టిగా చెప్పవలసినదే, చెప్పితిని. అట్లే ఆకులో పొట్లము కట్టి ఆవిరిపై నుడికింపవలసిన 'మొయిన్ మొయిన్' అను అలసందకుడుమును ప్లాస్టిక్ సంచిలో నుడికించుట నాకు నచ్చదు. తప్పు వేఱు, తెలియనితనము వేఱు. ఈ రెంటిని కలిపి చెప్పువాని మాటను నేను లెక్కింపను.

లండనులో నైజీరియా వనిత అడెజోకె బకరె నడపు 'చిషురు' భోజనశాలకు 2024లో మిషెలిన్ నక్షత్రము వచ్చినది. సంతోషమే. కాని నక్షత్రము వచ్చినదాకా ఆ రుచిని మెచ్చుటకు జంకి, వచ్చిన మఱునాడు బారులు తీరువారి మెప్పు నక్షత్రమునకా, కూటికా? మన వసతిగృహమున ఇప్పటికిని సంకటి డబ్బాను మూతచాటున తినుచున్న పిల్లలను చూచుచున్నాను. దానికి నక్షత్రము నెవరు తెత్తురు?

ఇబాదాను విడుచుటకు ముందుదినమున ఆమెతో నిజము చెప్పితిని. మా యింటను ఇట్టి ముద్దయే గలదనియు, గోంగూర పులుసుతో చేతనే తిందుమనియు చెప్పితిని. ఆమె గరిటె నాపి నన్ను చాలసేపు చూచెను.

"మఱి ఆనాడు చెంచా యెందు కడిగితివి, నాయనా?" అనెను.

నాయొద్ద ఉత్తరము లేకపోయెను. ఆమె యింకొక ముద్ద పెట్టెను.