పాచిక పడ్డాక ఎంత చెప్పాలి?

మన బాతెల్‌లో అక్టోబరులో మొదలైన వాన ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు. అందుకేనేమో ఈమధ్య కొందరు సభ్యుల ఇళ్ళలో శనివారం మధ్యాహ్నం కంచాలు తీసేయగానే భోజనాల బల్ల మీద ఇరవై ముఖాల పాచికలు దొర్లుతున్నాయి. ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. పాచికలనగానే శకుని గుర్తొచ్చి కంగారుపడే బామ్మలకు ముందే మనవి: ఇందులో పందెం లేదు, రాజ్యాలు పోవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు అందులో పాత్రలు. నడిపేవారిని పిల్లలు 'డీఎం' అంటారు. నేను సూత్రధారి అంటాను. ఆ పనికి ఇంతకంటే తగిన మాట నాకు తోచలేదు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. దాని ప్రచురణ సంస్థను 1997లో మనకు దక్షిణాన రెంటన్‌లో ఉన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. అంచేత ఒకరకంగా మన ఇరుగుపొరుగు ఆటే.

ఇక అసలు సంగతి. గుహలో ఒక వింత జీవి ఎదురైంది. 'దీని గురించి నా పాత్రకేమైనా తెలుసా?' అని పిల్ల అడుగుతుంది. సూత్రధారి పాచిక వేయమంటాడు. పెద్ద అంకె పడింది. ఇప్పుడు ఎంత చెప్పాలి?

ఇక్కడే మన తండ్రులు రెండు జట్లుగా విడిపోతున్నారు. ఒక జట్టు పిసినారులు. 'అది చాలా పురాతనమైనది, ప్రమాదకరమైనది' అని ఊరుకుంటారు. ఆఫీసులో స్టేటస్ రిపోర్టు రాసే అలవాటు కాబోలు! రెండో జట్టువారు పుస్తకం తెరిచి, ఆ జీవి బలం, బలహీనత, ఆహారవిహారాలు మొత్తం చదివి వినిపిస్తారు. పిల్లలు కనిపెట్టడానికి ఇంకేమీ మిగలదు.

నిబంధనలు రాసినవారూ ఈ విషయంలో ఒక్కచోట నిలబడలేదు. 2000లో వచ్చిన మూడో కూర్పులో తేలిక ప్రశ్నకు 10, మామూలు ప్రశ్నకు 15, కఠినమైనదానికి 20 నుంచి 30 పడాలన్నారు. 2003 సవరణలో, కావలసినదానికంటే అదనంగా పడిన ప్రతి 5కీ మరొక పనికొచ్చే సంగతి చెప్పమన్నారు. 2014 నాటి అయిదో కూర్పు ఈ కొలతలు వదిలేసి, ఎంత చెప్పాలన్నది చాలావరకు సూత్రధారి విచక్షణకే అప్పగించింది. ఆ పాత సవరణలో 'పనికొచ్చే' అన్న మాటే నాకు నచ్చింది. పాచిక గెలిచిన పిల్లకు అందే సమాధానం ఆమె తరువాతి అడుగును మార్చాలి. మార్చకపోతే ఆ పాచిక ఎందుకు వేయించినట్టు?

అలాగని అడుగు కూడా మనమే వేసిపెట్టకూడదు. అభిమన్యుణ్ణి చూడండి. పద్మవ్యూహంలోకి పోవడం తెలుసు, రావడం తెలియదు. ఆ మాట దాచకుండా ధర్మరాజుకు చెప్పాడు. తెలిసినదెంత, తెలియనిదెంత అని ఇద్దరికీ స్పష్టంగా తెలిసే ఆ నిర్ణయం జరిగింది. వెనకనే వస్తామన్న పాండవుల్ని సైంధవుడు అడ్డుకోవడం తరువాతి సంగతి. సగం చెప్పినా ఫరవాలేదు, అది సగమేనని కూడా చెప్పాలి. సగాన్ని మొత్తంలా చెప్పి పిల్లల్ని గోతిలోకి నడిపించడం సూత్రధారి పని కాదు, శకుని పని.

అసలు కొన్నిటికి పాచికే అక్కరలేదు. చలికాలం సాయంత్రాలు వేలకొద్దీ కాకులు మన యూనివర్సిటీ ఆవరణలోని చిత్తడినేలకు చేరతాయని బాతెల్‌లో ఏ పిల్లవాడినడిగినా చెబుతాడు. కథలోని ఊళ్ళో పుట్టి పెరిగిన పాత్రకు ఆ ఊరి సంగతులు ఆమాత్రం తెలిసి ఉండవా?

ఇప్పుడు నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టిన విషయానికి వస్తాను. ఈమధ్య ఒక మిత్రుడి ఇంట్లో ఆటను బాలనాగమ్మ కథగా మార్చారు. మంచి ఆలోచన. మాయల ఫకీరును ఎన్ని కత్తులతో పొడిచినా చావడు. ఒక పదేళ్ళ పిల్ల వాడి రహస్యం తెలుసా అని పాచిక వేస్తే 4 పడింది. కానీ ఆ పిల్ల లేచి, 'వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది, మా అమ్మమ్మ చెప్పింది' అన్నది. అదీ తెలుగులో! సూత్రధారి, 'నీకు తెలుసు, నీ పాత్రకు తెలియదు, చెల్లదు' అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన తప్పేమీ లేదు. పుస్తకాలన్నీ బట్టీపట్టిన పిల్లవాడు ప్రతి రాక్షసుడి గుట్టూ ముందే విప్పేస్తే పక్కవాళ్ళకు ఆట ఉండదన్న వాదనా నాకు తెలుసు.

కానీ అంగట్లో కొన్న పుస్తకమూ అమ్మమ్మ చెప్పిన కథా ఒకటి కాదు. ఫోనులో, సెలవుల్లో, అరకొర తెలుగులో విన్న కథ పదిమంది ముందు ఆ పిల్లకు పనికొచ్చే సందర్భం ఈ దేశంలో ఎన్నిసార్లు వస్తుంది? చెల్లదంటే, ఇంకో కథ చెప్పమని అమ్మమ్మను ఎందుకు అడుగుతుంది? నేనైతే ఆమె పాత్రకూ ఒక అమ్మమ్మ ఉందని అక్కడికక్కడే ఒప్పుకునేవాణ్ణి. చిలక ఉందని తెలిసినంత మాత్రాన ఆట అయిపోదు కదా. సముద్రాలు దాటాలి, ఆ చిలకను పట్టాలి.

పాచిక ఓడిన పిల్లల మాటా ఒకటుంది. 'నీకేమీ తెలియదు' అంటే కథ అక్కడే ఆగిపోతుంది. ఊళ్ళో జనం అనుకునేదేదో చెప్పండి, లేదా ఎవరినడిగితే తెలుస్తుందో చెప్పండి. 'చెరువుగట్టున పూలమ్మే పెద్దమ్మకు పాత సంగతులు తెలుసట' అంటే చాలు, పిల్లలు అటు పరిగెడతారు. ఆ పెద్దమ్మ పాత్ర వేయడానికి చూసిపోదామని వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు మన ఇళ్ళలో ఎలాగూ ఉన్నారు. పై గదిలో టీవీ ముందు కూర్చున్నవారిని ఒక్క పిలుపు పిలవండి. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో వారికి మనం నేర్పక్కరలేదు.