ఆ పొడుగు కారు కొనాలంటే...

పాత సినిమాల్లో జమీందారుగారు పోర్టికోలో దిగే కారు గుర్తుందా? ముందంతా బోనెట్, వెనకంతా డిక్కీ, మధ్యలో సోఫాల్లాంటి రెండు సీట్లు. అలాంటి కార్ల మాట వస్తే మన పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే పేరు ఇంపాలా. అమెరికాలో షెవర్లె కంపెనీ 1958లో ఈ పేరు పెట్టింది. 1965 మోడల్ ఒక్కటే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పొడవు దాదాపు 5.4 మీటర్లు, వెడల్పు రెండు మీటర్లు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరమే మూడు మీటర్లు. మన మారుతి 800 మొత్తం పొడవు 3.3 మీటర్లు. అంటే ఇంపాలా చక్రాల నడుమ ఖాళీలో మారుతి ఇంచుమించు ఇమిడిపోతుందన్నమాట!

అరవై ఏళ్లు దాటినా ఈ కార్లు అమెరికాలో ఇంకా అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. అన్ని లక్షలు తయారయ్యాయి కాబట్టి ఇది కోటీశ్వరుల బొమ్మ కాదు. నెల జీతగాడు కూడా ఓ పాత ఇంపాలా కొనుక్కుని, వారం వారం కాస్త కాస్త బాగుచేసుకుంటూ, ఆదివారం పూట ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరగొచ్చు. అక్కడ స్థిరపడిన మనవాళ్లకూ ఈ సరదా పుట్టవచ్చు. పుడితే, డబ్బు తీసేముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. కొనేది నడిచే బండా, నడిపిద్దామనుకుంటున్న బండా?

రెండింటికీ చాలా తేడా ఉంది. విప్పేసిన కారు చవగ్గా వస్తుంది. ఇంజిన్ ఓ మూల, సీట్లు అటక మీద, బోల్టులన్నీ కాఫీ డబ్బాల్లో. విప్పడం రెండు ఆదివారాల పని. బిగించడం మాత్రం ఎన్నేళ్ల పనో ఎవరూ చెప్పలేరు. ఏ బోల్టు ఎక్కడిదో ఏడాది తిరిగేసరికి విప్పినవాడికే గుర్తుండదు. షెడ్డులో చోటు పోతుంది, ఇంట్లో గొడవ మొదలవుతుంది, ఆఖరికి పెట్టిన దానిలో సగం రాకపోయినా అమ్మేస్తారు. పైగా అమెరికాలో చాలా ఊళ్లలో, ఇళ్ల సంఘాల్లో, నడవని కారును వాకిట్లో నిలిపితే నోటీసు వస్తుంది. నడిచే బండికి ఆ బెడద లేదు. ఈ నెల రేడియేటర్, వచ్చే నెల షాక్ అబ్సార్బర్లు, దసరా సెలవులకి సీటు కవర్లు... పని జరుగుతూనే ఉంటుంది, బండీ తిరుగుతూనే ఉంటుంది.

అయితే 'నడుస్తుంది' అన్న మాటను అమ్మేవాళ్లు రకరకాలుగా వాడతారు. తాళం తిప్పితే ఇంజిన్ మోగుతుందని ఒకరి ఉద్దేశం. పెరట్లో నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి కదులుతుందని మరొకరి ఉద్దేశం. 'నిలిపిన రోజున బాగానే నడిచింది' అని ప్రకటన ఇచ్చేవాళ్లయితే కోకొల్లలు. నిలిపింది ఏ సంవత్సరంలో అని అడగాలి! కొనేవాడికి కావలసింది వేరు. రోడ్డు మీద ఓ యాభై కిలోమీటర్లు వెళ్లి, ఎక్కడైనా ఓ పావుగంట ఆగి, మళ్లీ స్టార్టయి, వేడెక్కిపోకుండా ఇంటికి రావాలి. చూడ్డానికి పొద్దున్నే వెళ్లడం మంచిది. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో, ఎంత పొగ వదులుతుందో మీకు కనబడకుండా చేశారన్నమాట.

అలాగని ఇంజిన్‌ను చూసి బెంబేలు పడనక్కర్లేదు. 1965 ఇంపాలాల్లో చాలావాటికి ఉండేది 283 లేదా 327 క్యూబిక్ అంగుళాల వీ8. షెవర్లె 1955లో మొదలుపెట్టిన చిన్న బ్లాకు వంశంలోవే ఈ రెండూ. ఆ వంశం దశాబ్దాలపాటు లక్షల్లో తయారైంది. విడిభాగాలు దొరుకుతాయి, తెలిసిన మెకానిక్కులూ దొరుకుతారు. పాడైతే బాగుచేయించుకోవచ్చు, మరీ పాడైతే మార్చుకోవచ్చు. చాలా కార్లకుండే పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఉన్నవి రెండే గేర్లు. అంత మొరటు యంత్రం కాబట్టే అంత మన్నింది.

కొంప ముంచేది తుప్పు. పైకి తళతళలాడే రంగు చూసి మోసపోయినవాళ్లే ఎక్కువ. వెనక అద్దం కింద, డిక్కీ మూత మొదలయ్యే చోట, క్రోమ్ పట్టీల కింద నీళ్లు నిలుస్తాయి. అక్కడ రేకు తినేస్తే వాననీరు నేరుగా డిక్కీలోకి దిగి దాని అడుగునీ తినేస్తుంది. అందుకని డిక్కీలో పరచిన మ్యాట్ ఎత్తి చూడాలి, స్టెప్నీ తీసి దాని కిందా చూడాలి. ముందు అద్దం కింద రేకుకు చిల్లి పడితే డ్రైవర్ కాళ్ల దగ్గర తివాచీ తడుస్తుంది. దాన్ని ఎత్తమంటే అమ్మేవాడు మొహం చిట్లిస్తాడు. అయినా ఎత్తించాల్సిందే. వెనక చక్రాల పైనా, వెనకా ఉండే రేకు మీద పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అతుక్కోకుండా జారిపోతే అక్కడున్నది రేకు కాదు, పుట్టీ! ఇక పాత బట్టలు కట్టుకుని కారు కిందికి దూరాలి. 1958 నుంచి 1964 వరకు ఇంపాలాకు ఎక్స్ ఆకారపు ఛాసిస్ ఉండేది. 1965లో అంచుల వెంట చుట్టూ తిరిగే ఛాసిస్ వచ్చింది. వెనక ఇరుసు దగ్గర అది వంపు తిరిగే చోట మట్టి, నీరు చేరతాయి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే లోపలికి దిగిందా, ఇక బేరం మాటే వద్దు. ఇంజిన్ రిపేరు ఖర్చును ముందుగా అంచనా వేసుకోవచ్చు. టింకరింగ్ ఖర్చు మాత్రం విప్పేకొద్దీ పెరుగుతుంది. ఎండిన ఊళ్ల బండి రంగు వెలిసిపోయి కనిపించినా సరే, శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ల బండికన్నా నయం.

రెండు తలుపులా, నాలుగా? అందరూ వెతికేది రెండు తలుపుల కూపే, టాపు తీసే కన్వర్టిబుల్. వాటికే ధర. నాలుగు తలుపుల సెడాన్‌ను మోజుపడేవాళ్లు చిన్నచూపు చూస్తారు. కుటుంబంతో తిరగాలనుకునే మనిషికి అదే అదృష్టం. అదే ఇంజిన్, అదే ఛాసిస్, తక్కువ ధర. ఒక్క చిక్కు. వెనక తలుపుల అద్దాలు, రబ్బర్లు, పట్టీలు కొత్తగా తయారుచేసేవాళ్లు తక్కువ. పాత కార్ల యార్డుల్లో వెతుక్కోవాలి. కాబట్టి అవన్నీ ఉన్న బండినే చూసుకోవాలి. (2005లో మొదలైన 'సూపర్‌నేచురల్' టీవీ సీరియల్లో అన్నదమ్ములు తిరిగేది నాలుగు తలుపుల 1967 ఇంపాలా. ఆ మోడల్‌కి మాత్రం ఆ పుణ్యమా అని గిరాకీ వచ్చింది.)

'సూపర్ స్పోర్ట్' అని బ్యాడ్జి ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. బ్యాడ్జి ఎవరైనా అతికించుకోవచ్చు. 1965 కారులో డ్రైవర్ తలుపు కీళ్ల దగ్గర, స్తంభం మీద నంబరు పలక ఉంటుంది. 166తో మొదలైతే అది వీ8 సూపర్ స్పోర్ట్. 164 అయితే మామూలు వీ8 ఇంపాలా. ఆ తర్వాతి రెండంకెలు బాడీ రకం చెబుతాయి. 37 అంటే రెండు తలుపుల కూపే, 69 అంటే నాలుగు తలుపుల సెడాన్. యాజమాన్య పత్రంలోని నంబరూ ఈ పలక మీది నంబరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఎంత చవకైనా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి.

ఇప్పుడు అసలు భయం. ఈ కారు బరువు టన్నున్నర పైమాటే. ఆపడానికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఆ నాలుగింటికీ కలిపి మాస్టర్ సిలిండర్‌లో ఉన్నది ఒకే ఒక్క గది. ఎక్కడైనా ఒక గొట్టం తుప్పుపట్టి పగిలిందంటే పెడల్ నేలకి ఆనుతుంది, నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. మిగిలేది చేతికో కాలికో అందే పార్కింగ్ బ్రేకు ఒక్కటే. కార్ల కంపెనీలు భద్రతను గాలికొదిలేశాయంటూ రాల్ఫ్ నాడర్ రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకం వచ్చింది సరిగ్గా ఈ కారు కాలంలోనే, 1965 నవంబరులో. మరుసటి సెప్టెంబరులో అమెరికా వాహన భద్రత చట్టం చేసింది. 1967 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ కార్లకు రెండు గదుల మాస్టర్ సిలిండర్, గుద్దుకుంటే ముడుచుకుపోయే స్టీరింగ్ కడ్డీ వచ్చాయి. 1965 కారులో ఆ కడ్డీ నేరుగా డ్రైవర్ గుండెకు గురిపెట్టి ఉంటుంది. భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు.

అందుకే ముందు రంగు వేయించి తర్వాత బ్రేకులు చూసుకుందామనుకోవడం కన్నా తెలివితక్కువ పని లేదు. కొన్నాక మొదటి ఖర్చు రెండు గదుల మాస్టర్ సిలిండర్ మీద, కొత్త గొట్టాల మీద పెట్టాలి. ఆ తర్వాత టైర్లు. గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోవద్దు. 2000 సంవత్సరం నుంచి టైరు పక్కన తయారీ సంకేతం చివర నాలుగంకెలు ఉంటాయి. 2309 అంటే 2009లో 23వ వారం. ఆ టైరు ఎంత నవనవలాడుతున్నా తీసేయాల్సిందే. నేటి పెట్రోలులో కలిపే ఇథనాల్ నాటి రబ్బరు గొట్టాలను చివికేలా చేస్తుంది కాబట్టి అవీ మార్చాలి. వెనక సీట్లో పిల్లలు ఎక్కేది ఇవన్నీ అయ్యాకే, కనీసం నడుం బెల్టులు బిగించాకే. క్రోమ్, రంగు, రేడియో... అవి ఎన్నాళ్లయినా ఆగుతాయి. లీటరుకు అయిదారు కిలోమీటర్లు వస్తే గొప్ప. అదీ లెక్కలో ఉంచుకోవాలి.

కొన్ని రోజులు నడిపి ఇండియాకి తెచ్చేసుకుందామనే ఆశ ఉంటే ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఇక్కడ యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. కానీ ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. దిగుమతి సుంకం సంగతి సరేసరి. సరదాగా నడుపుకోవాలని కొన్న బండిని అక్కడే నడుపుకోవడం మేలు.

బేరం కుదిరి, కాగితాలు చేతికొచ్చాక ఇంకో తొందరపాటు ఉంటుంది. తాళాలు తీసుకుని, నేరుగా ఎక్కి ఇంటికి నడుపుకుపోవాలనిపిస్తుంది. యాభై కిలోమీటర్లు నడిపి చూశాం కదా అనిపిస్తుంది. ఆ గొట్టాలు ఎప్పుడు వేసినవో, ఆ బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో మీకు తెలియదు. ఎంత బాగా నడిచే బండినైనా ఆ రోజుకి ట్రక్కు మీద ఎక్కించి తెచ్చుకోవాలి.