పరీక్షలో తేలని నొప్పి అబద్ధం కాదు



రాత్రి షిఫ్టులో ఒక అమ్మాయి రింగ్ ఫ్రేము దగ్గర కుప్పకూలుతుంది. ఊపిరాడదు, చేతులు కొంకర్లు పోతాయి. రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ బాగున్నాయంటారు. ఇక మిల్లులో మేస్త్రీ ‘నాటకం’ అంటాడు. ఆలంగుళం, కోవిల్పట్టి పక్క మన ఊళ్లలో ‘గాలి సోకింది’ అని కోడాంగి దగ్గరికి తీసుకుపోతారు. రెండూ తప్పే.

మనసు మోయలేని భారాన్ని శరీరం మోసే జబ్బులున్నాయి. భయం వేస్తే గుండె దడదడలాడుతుంది. అది నటన కాదు గదా! అతివేగంగా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కి బిగుసుకుపోతాయి. పరీక్షలో ఏమీ తేలకపోయినా బాధ నిజం.

నూలు మిల్లులకు ఇది కొత్త కాదు. 1787 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని లాంకషైరులో, ఒక నూలు మిల్లు పిల్ల, ఎలుకంటే హడలిపోయే తోటి పిల్ల బట్టల్లో ఎలుకను వేసింది. ఆమెకు రోజంతా ఈడ్పులు. మర్నాడు ముగ్గురికి, ఆ మర్నాడు ఆరుగురికి, చివరికి మొత్తం 24 మందికి అదే స్థితి. దూది బస్తాతో రోగం వచ్చిందన్న భయంతో మిల్లు ఆగింది. ఇది దూది తెచ్చిన రోగం కాదని డాక్టరు నచ్చజెప్పాక కొత్తగా ఎవరూ పడలేదు. 1962లో అమెరికాలోని ఒక బట్టల మిల్లులో పురుగు కుట్టిందని 62 మంది జబ్బుపడ్డారు. అంతమందిని కుట్టిన పురుగు దొరకలేదు. ఓవర్‌టైముతో నలిగినవారే ఎక్కువగా పడ్డారని పరిశోధకులు తేల్చారు.

అయితే యాజమాన్యాలు దీన్ని సాకు చేసుకోరాదు. వారపు సెలవు తర్వాత పనిలోకి దిగగానే ఛాతీ బిగిస్తే అది దూది ధూళి తెచ్చే బిస్సినోసిస్ కావచ్చు. ధూళి, ఉక్కపోత, రక్తహీనత, ఖాళీ కడుపు — ముందు ఇవి చూడాలి. మనసు మాట ఆ తర్వాతే.

మా కోరికలు మూడు: షిఫ్టు మీద షిఫ్టు వేయడం ఆపాలి. పడిపోయినవారికి జీతం కోయకుండా విశ్రాంతి ఇవ్వాలి. అవసరమైతే మానసిక వైద్యుని దగ్గరికి పంపాలి.

మన వంతూ ఉంది. పడిపోయినవారి చుట్టూ మూగకండి, వెక్కిరించకండి. 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మానసిక వైద్యుని దగ్గరికి పోవడం పిచ్చికి గుర్తు కాదు. నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి పోయినట్టే ఇదీ.

— కార్యదర్శి