పాత కారు నడుము వంచే ముందు

పాత వాహనాల పట్ల మన ఉద్యోగుల కుటుంబాలలో మక్కువ పెరుగుతున్నది. తాతగారో, తండ్రిగారో కష్టార్జితంతో కొనుక్కున్న ప్రీమియర్ పద్మిని లేదా అంబాసిడర్ కారును పాత ఇనుము వ్యాపారికి అప్పగించక, రంగు వేయించి, సీట్లు కుట్టించి, పండుగలకూ పెళ్ళిళ్ళకూ బయటకు తీసే యువకులు నాకు తెలిసినవారిలోనే నలుగురైదుగురు ఉన్నారు. ఇది సంతోషించదగిన విషయం. అయితే ఈ ముచ్చట వెంట మరొక కోరిక కూడా బయలుదేరినది. కారు నేలబారుగా, చక్రాలు మడ్‌గార్డులలోకి ఒదిగిపోయినట్లుగా కనిపించాలట!

పల్సానాలో నివసించే మన సహోద్యోగి ఒకరి కుమారుడు, ఇంజనీరింగు డిప్లొమా విద్యార్థి, ఈ విషయమై నన్ను అడిగినాడు. “అంకుల్, ముందు స్ప్రింగులు రెండేసి చుట్లు కోయిస్తే చాలునట కదా? గ్యారేజీలో అరపూట పని అంటున్నారు” అన్నాడు. తండ్రిగారి పద్మినిని ఆ విధంగా దించి, మిత్రులతో దమణ్ వరకు వెళ్ళిరావాలని అతని ఆలోచన. ఇటువంటి ప్రశ్న మరికొందరి మనసులలోనూ ఉండవచ్చునని భావించి ఈ మాసం శీర్షికను దీనికే కేటాయిస్తున్నాను.

కారును కిందికి దించడంలో శాస్త్రీయమైన ప్రయోజనం బొత్తిగా లేదని చెప్పడం న్యాయం కాదు. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మారుతుంది. కారు గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే ఆ మార్పిడి అంత ఎక్కువ. 1,000 కిలోల కారు, చక్రాల మధ్య వెడల్పు 120 సెం.మీ., గరిమనాభి ఎత్తు 55 సెం.మీ. అనుకుందాం. గురుత్వ త్వరణంలో పదింట నాలుగు వంతుల పార్శ్వ త్వరణంతో మలుపు తిరిగితే సుమారు 183 కిలోల బరువు మారుతుంది. కారును 4 సెం.మీ. దించితే అది 170 కిలోలవుతుంది. అంటే లాభం నూటికి ఏడు పాళ్ళు. పందెపు మైదానంలో ఏడు పాళ్ళు గొప్ప విషయమే. ఇక దీనికి చెల్లించే మూల్యం చూద్దాం.

ఇక్కడ లెక్క సులభంగా ఉండటానికి స్ప్రింగు నేరుగా చక్రం మీదనే ఉన్నదనుకుందాం. 8 చుట్ల స్ప్రింగు, బరువు లేనప్పుడు పొడవు 30 సెం.మీ., దానిపై భారం 400 కిలోలు. సెంటీమీటరు కుంగడానికి 40 కిలోలు కావాలి. కనుక కారు నిలిచి ఉన్నప్పుడు ఆ స్ప్రింగు 10 సెం.మీ. కుంగి 20 సెం.మీ. వద్ద ఆగుతుంది. అక్కడి నుండి అడ్డు రబ్బరు దిమ్మకు తగలడానికి మరో 8 సెం.మీ. ఎడం ఉన్నదనుకుందాం. గతుకులో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా అంతే.

ఇప్పుడు రెండు చుట్లు కోసివేసినాము. మిగిలినవి ఆరు. చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు బిగువెక్కుతుంది. ఈ స్ప్రింగుకు సెంటీమీటరుకు 40 బదులు 53 కిలోలు కావాలి. బరువు లేనప్పటి పొడవు 22.5 సెం.మీ., కారు కింద 15 సెం.మీ. కారు సరిగ్గా 5 సెం.మీ. దిగినది, మిత్రుడి ముచ్చట తీరినది. కాని రబ్బరు దిమ్మకు మిగిలిన ఎడం 3 సెం.మీ. మాత్రమే. ఆ దిమ్మకు తగిలేలోపు, నిలకడ స్థితికి పైన, స్ప్రింగు దాచుకోగల దెబ్బను లెక్కకడితే మొదట 1,280 పాళ్ళుండేది ఇప్పుడు 240 పాళ్ళయినది. అనగా అయిదవ వంతు కూడా లేదు! మిగిలిన దెబ్బ ఎక్కడికి పోతుంది? రబ్బరు దిమ్మకు, దాని ద్వారా బాడీ అతుకులకు, చివరకు వెనుక సీటులో కూర్చున్న తల్లిదండ్రుల వెన్నుపూసకు.

ఊపు సంగతి కూడా ఇంతే. స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగి ఉన్నదో ఆ అంకె వర్గమూలంతో 5ను భాగిస్తే, కారు సెకనుకు ఎన్నిమార్లు ఊగుతుందో రమారమిగా వస్తుంది. పాత స్ప్రింగుకు అది 1.58. కోసిన స్ప్రింగుకు 1.83. ఈ కొత్త ఊపును అణచడానికి పాత షాక్ అబ్సార్బర్ల బలం చాలదు.

పద్మిని ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు, అంబాసిడర్‌కు మెలితిరిగే కడ్డీలు, అనగా టోర్షన్ బార్లు ఉంటాయి. రెండింటికీ వెనుక కమాను పట్టీలే. టోర్షన్ బారు బిగింపు మార్చి అంబాసిడర్ ముందు భాగాన్ని దించవచ్చు. దానివలన కడ్డీ బిగువు మారదు గాని, దిమ్మకు ఉన్న ఎడం మాత్రం అంతే తరుగుతుంది. వెనుక కమానులో అయిదు సమానమైన పట్టీలుంటే ఒకటి తీసివేసినందువల్ల బిగువు అయిదవ వంతు తగ్గి, మిగిలిన ఒక్కొక్క పట్టీ మీద ఒత్తిడి నాలుగవ వంతు పెరుగుతుంది. అటువంటి పట్టీ నిండు కుటుంబంతో వెళ్ళేటప్పుడే విరుగుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది గ్యాస్ మంటతో స్ప్రింగును ఎర్రగా కాల్చి కుంగదీయడం. స్ప్రింగు ఉక్కుకు పదును పెట్టినవారు ఎంతో లెక్కతో పెట్టినారు. ఆ మంటతో పదును పోయి అది మామూలు ఇనుప చుట్టగా మారుతుంది.

చక్రాల కోణాలు కూడా మారతాయి. ముందు చక్రాల పై అంచులు లోపలికి వాలి, టైర్లు లోపలి వైపున అరుగుతాయి. గతుకు తగిలినప్పుడు స్టీరింగు దానంతట అదే పక్కకు లాగవచ్చు. బ్రేకు గొట్టాలు కొత్త స్థితిలో రాపిడికి గురికావచ్చు. హెడ్‌లైట్ల వెలుతురు పడవలసిన చోట పడదు.

ఇక మన పల్సానా రోడ్లను గమనించండి. ముంబయి–అహ్మదాబాదు మార్గమైన 48వ నెంబరు జాతీయ రహదారి, హజీరా నుండి బార్డోలి మీదుగా ధూలే వైపు సాగే 53వ నెంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. పెద్దలకు ఇవి పాత 8, 6 నెంబర్లుగానే గుర్తు. బట్టల మిల్లుల లారీలు, చక్కెర కర్మాగారాలకు వెళ్ళే చెరకు బండ్లు నిత్యం తిరిగే ప్రాంతం. వానాకాలంలో గుంట ఎక్కడున్నదో నీటి కింద కనిపించదు.

స్పీడ్ బ్రేకరు లెక్క ఒకటి చెబుతాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని దిబ్బ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో దాటేందుకు అది అనువు. పద్మిని ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.34 మీటర్లు. దిబ్బ సరిగ్గా కారు మధ్యకు వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ దిబ్బ మీదనే ఉంటాయి కనుక, దాని శిఖరం చక్రాల మట్టం కంటే 4 సెం.మీ. మాత్రమే పైకి ఉంటుంది. కాని గ్రామాల పొలిమేరలలో, కాలనీ గేట్ల వద్ద వేసే ఇరుకు దిబ్బలు ఈ ప్రమాణాన్ని ఎరుగవు. మీటరు వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు గల దిబ్బ అయితే చక్రాలు ఇరుపక్కలా నేల మీద ఉంటాయి. ఆ 12 సెం.మీ. మొత్తం కారు పొట్ట కిందికే వస్తుంది. అయిదు సెంటీమీటర్లు దించిన కారుకు సైలెన్సరు పైపో, ఇంజను ఆయిలు తొట్టో తగలక మానదు.

కారును దించే వేడుక అమెరికాలోని కాలిఫోర్నియాలో మెక్సికన్ సంతతి యువకుల ద్వారా ప్రసిద్ధి చెందినది. వారు స్ప్రింగులు కోసినారు, డిక్కీలో ఇసుక బస్తాలు వేసినారు. చక్రపు రిమ్ము అడుగు అంచు కంటే దిగువన కారు భాగం ఏదీ ఉండరాదని 1958లో అక్కడ చట్టం వచ్చినది. మరుసటి ఏడాదే రాన్ అగిర్రే అనే యువకుడు హైడ్రాలిక్ పంపులు అమర్చి, కోరినప్పుడు లేపి, కోరినప్పుడు దించే ఏర్పాటు చేసినాడు. వారు వీధులలో మెల్లగా ఊరేగడానికి దించినారని మనం గుర్తుంచుకోవాలి. మన మిత్రుడు జాతీయ రహదారి మీద లారీల నడుమ దమణ్ వెళ్ళదలచినాడు!

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచినది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించినారు. 2021 నిబంధనలు మరొక అవకాశమిచ్చినవి. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేని వాహనాలను వింటేజ్ వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేయించుకోవచ్చు. పద్మిని అన్న పేరు 1974లో వచ్చినది. తొలినాటి పద్మినులు ఇప్పుడు ఆ వయసుకు చేరుకున్నాయి. 2023 అక్టోబరుతో ముంబయిలో పద్మిని టాక్సీలు కూడా సెలవు తీసుకున్నాయి. సహజ రూపంలో మిగిలిన ప్రతి కారుకూ ఇక విలువ పెరిగేదే. సెలవు దినాన అహ్మదాబాదు సమీపంలోని కఠ్వాడాలో ఉన్న ఆటో వరల్డ్ ప్రదర్శనశాలకు వెళ్ళి చూడండి. పాత కారు తన సహజమైన ఎత్తులో ఎంత హుందాగా నిలుస్తుందో తెలుస్తుంది.

ఇంతకూ మిత్రునికి నా సలహా ఏమిటంటే, ముందు టేపు పట్టుకొని కొలవాలి. చదునైన నేల మీద, టైర్లలో సరియైన గాలితో, ప్రతి చక్రం మధ్య బిందువు నుండి మడ్‌గార్డు అంచు వరకు ఉన్న ఎత్తును నాలుగు మూలలా వ్రాసుకొని, కంపెనీ పుస్తకంలోని కొలతలతో పోల్చాలి. దశాబ్దాల బరువు మోసిన స్ప్రింగులు వాటంతటవే కుంగి ఉంటాయి. మనం దించాలనుకుంటున్న కారు అప్పటికే ఒకటి రెండు సెంటీమీటర్లు దిగి, ఒక పక్కకు ఒరిగి ఉండవచ్చు. అటువంటప్పుడు కొత్త స్ప్రింగులు, బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు వేయించి, కమాను పట్టీలను సరిచేయించి, అలైన్‌మెంట్ చేయించితే కారు నడక ఎంత మారుతుందో స్వయంగా చూడవచ్చు.

అప్పటికీ మనసు ఊరుకోకపోతే రవాణా శాఖ కార్యాలయంలో వ్రాతపూర్వకంగా విచారించి, రెండు సెంటీమీటర్లకు మించకుండా, లెక్కకట్టి తయారుచేయించిన వేరే స్ప్రింగులు వాడాలి. అసలు స్ప్రింగులను కోయక, నూనె రాసి, చీటీ కట్టి అటకమీద భద్రపరచాలి. ఆ కారు మీద తండ్రిగారికీ, రేపటి పిల్లలకూ కూడా హక్కున్నది. వారు కోరితే ఒక్క పూటలో మునుపటి స్థితికి తీసుకురాగలిగేటట్లు ఉండాలి.

వచ్చే మాసం పాత కార్ల బ్రేకుల గురించి ముచ్చటించుకుందాం. పాఠకులు తమ సందేహాలను ఎప్పటివలె సంపాదకుని ద్వారా పంపగలరు.