మాల్ రావచ్చు, ముందు మన ప్రశ్నలకు జవాబులు రావాలి



గత ఆదివారం మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి వెళ్ళాను. హైదరాబాదు శివారులోని మా కాలనీని ఆనుకుని చాలాకాలంగా ఖాళీగా ఉన్న స్థలంలో ఒక పెద్ద వాణిజ్య సముదాయం నిర్మించే ప్రతిపాదన వచ్చింది. దుకాణాలు, సినిమా తెరలు, ఫుడ్ కోర్టు, పై అంతస్తులో ఆరుబయట భోజనశాలలు ఉంటాయట. నిర్మాణ సంస్థ ప్రతినిధి రంగురంగుల చిత్రాలు చూపించారు. ఉద్యోగాలు వస్తాయని, స్థలాల ధరలు పెరుగుతాయని చాలామంది సంతోషించారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం లేచి, "బాబూ, రాత్రిళ్ళు మాకు నిద్ర పడుతుందా?" అని అడిగారు. కొందరు నవ్వారు. ప్రతినిధి కూడా నవ్వి, తరువాతి చిత్రానికి వెళ్ళిపోయారు.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. ఆ సాయంత్రం వినవచ్చిన మాటలన్నింటిలో అత్యంత శాస్త్రీయమైనది ఆ ప్రశ్నే.

నేను ఈ నిర్మాణానికి వ్యతిరేకిని కాను. ఇంటికి దగ్గరలో దుకాణాలుండటం వృద్ధులకు సౌకర్యమే. అయితే ఆపరేషన్‌కు ముందు రోగి ఏదైనా అడిగితే విసుక్కునే వైద్యుణ్ణి మనం మెచ్చుకోము. ఏం చేయబోతున్నారో, దానివల్ల ఏ ఇబ్బందులు రావచ్చునో తెలుసుకున్న తరువాతే రోగి సంతకం పెడతాడు. ఒక కాలనీకి కూడా ఆ మర్యాద దక్కాలి.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. కాని గనులకూ పెద్ద కర్మాగారాలకూ జరిపే ప్రజాభిప్రాయ సేకరణ నుండి ఇటువంటి భవనాలకు మినహాయింపు ఉంది. అంటే అధికారులు వచ్చి "మీకేమైనా సందేహాలున్నాయా?" అని అడిగే రోజు రాకపోవచ్చు. మనమే వెళ్ళి అడగాలి. ఏమి అడగాలో ఒక వైద్యుడిగా నాకు తోచినవి చెబుతాను.

మొదటిది నిద్ర. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించరాదు. వాణిజ్య ప్రాంతంలో ఆ పరిమితి పగలు 65, రాత్రి 55. పది అంకెల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. నిజానికి శబ్దశక్తి పదిరెట్లు పెరిగినట్లు లెక్క. స్థలం వాణిజ్య ప్రాంతంగా మారినా ప్రహరీకి ఇవతల ఉన్న పడకగది నివాసమే కదా! అక్కడ ఏ పరిమితి పాటిస్తారు? జనరేటర్లు, ఏసీ యంత్రాలు, వంటశాలల పొగగొట్టాలు ఏ వైపు పెడతారు? సరుకుల లారీలు ఎన్ని గంటలకు వస్తాయి? రాత్రి శబ్దానికి మనం పూర్తిగా మేల్కొనకపోయినా గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అదే సాగితే గుండెకు ముప్పు.

రెండవది దోమలు. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ నగరపు శివారులో ఉంటూ సెల్లార్ గుంతల గురించి అడగకపోతే ఎలా? వానకాలంలో తవ్విన గుంతలో, క్యూరింగ్ కోసం నిలిపిన నీటిలో, మూతలేని తొట్లలో దోమ గుడ్డు సుమారు వారం పది రోజులలోనే రెక్కల దోమ అవుతుంది. నిర్మాణం రెండు మూడేళ్ళు సాగితే అన్ని వానకాలాలూ మనవే. వారానికొకసారి ఆ నీటిని తొలగించే బాధ్యత ఎవరిది? కూలీల గుడిసెల వద్ద మంచినీరు, మరుగుదొడ్లు ఉంటాయా? జ్వరం వారి పిల్లలకు వస్తే మన పిల్లలకూ వస్తుంది.

మూడవది నూనె, మురుగు. భోజనశాలల జిడ్డును అక్కడే వడకట్టకపోతే అది కాలువలో గడ్డకట్టి, మురుగు మన వీధిలోకి పొంగుతుంది. పొంగిన మురుగు పగిలిన మంచినీటి గొట్టంలో చేరితే వాంతులు, విరేచనాలు, కామెర్లు. మరి వాడేసిన నూనె ఎక్కడికి పోతుంది? కాగి కాగి పోలార్ పదార్థాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని ఆహార భద్రతా నియమం. అది గుప్తంగా చౌకధరకు రోడ్డుపక్క బండ్లకు చేరితే, మాల్‌లో అడుగుపెట్టని పేదవాడు ఆ నూనె తింటాడు. నూనె ఎవరికి ఇస్తున్నారో రాతపూర్వకంగా అడగండి.

నాలుగవది దారి. నేనొక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఒక కల్యాణ మండపం ఉండేది. ఒక ముహూర్తం రాత్రి దాని ముందు కార్లు రెండు వరుసలుగా నిలిచిపోయాయి. గుండెనొప్పి వచ్చిన ఒక మనిషిని కొడుకు, ఇరుగుపొరుగువారు చివరి రెండు ఫర్లాంగులూ చేతులమీద మోసుకువచ్చారు. వారు బల్లమీద పడుకోబెట్టేసరికి నేను చేయగలిగినది ఏమీ మిగలలేదు. గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినసాగుతుంది. పండుగ సెలవుల సాయంత్రం మన కాలనీలోకి అంబులెన్సు ఎన్ని నిమిషాలలో రాగలదు? కార్లు నిలపడానికి చోటు నిండిపోతే తరువాతి కారు ఎవరి గేటు ముందు ఆగుతుంది?

ఐదవది అగ్నిప్రమాదం. 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి దాటిన తరువాత ముంబయి కమలా మిల్స్ ఆవరణలోని పై అంతస్తు భోజనశాలలలో మంటలు రేగి 14 మంది మరణించారు. చాలామంది బయటకు దారి దొరకక మరుగుదొడ్డిలో చిక్కుకుని పొగకు బలయ్యారు. మన పై అంతస్తు భోజనశాలలకు రెండవ మెట్లదారి ఉందా? అది సరుకుల పెట్టెలతో నిండిపోకుండా ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నలను నోటిమాటగా వదలవద్దు. సంఘం తరఫున కాగితం మీద వ్రాసి, సంతకాలతో నిర్మాణ సంస్థకూ స్థానిక సంస్థకూ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. పర్యావరణ అనుమతి దరఖాస్తులు కేంద్ర ప్రభుత్వ పరివేష్ వెబ్‌సైటులో చూడవచ్చు. ప్లాను, అగ్నిమాపక అనుమతి వంటి పత్రాలు దొరకకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. అనుమతి వచ్చిన తరువాత కూడా, షరతులు పాటిస్తున్నారో లేదో తెలిపే నివేదికలను సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం అవి ప్రజలు చూడదగిన పత్రాలు. ఇప్పటివరకు వాటిని అడిగి చదివిన కాలనీవాసిని నేను చూడలేదు. మనమైనా మొదలుపెడదాం.

ఇవన్నీ పునాదికి ముందే అడగాలి. పొగగొట్టం దిశను కాగితం మీద మార్చడానికి ఒక పెన్సిలు చాలు. కట్టిన తరువాత మార్చమంటే కోర్టుకు వెళ్ళాలి. ఈలోగా ఆ పొగను పీల్చేది ఉబ్బసం ఉన్న పసివాడు.

వచ్చే సమావేశంలో ఆ పెద్దావిడ ప్రశ్ననే మొదటి అంశంగా పెట్టమని సంఘం కార్యదర్శిని కోరాను. ఈసారి ఎవరూ నవ్వరని ఆశిస్తున్నాను.

ఆరోగ్యమస్తు.