స్టైపెండ్ మీద ఊరంతా వాలొద్దు

రుయా ఆస్పత్రిలో మన తండా బిడ్డో, యానాదుల కాలనీ బిడ్డో తెల్లకోటుతో కనిపిస్తే కడుపు నిండిపోతాది. కానీ ఫ్రెండ్స్, ఒక మాట మనలో మనం మాట్లాడుకోవాల.

పీజీ సీటొచ్చిందనంగానే మనోళ్లకు డాక్టర్ జీతం కనిపిస్తాది. వచ్చేది జీతం కాదు, మూడేళ్ల స్టైపెండ్. అది కూడా నెలనెలా ఇవ్వండని 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు సమ్మె చేయాల్సి వచ్చింది. ఆ డబ్బు చేతికి రాకముందే చెల్లెలి పెళ్లప్పు, నాయన మందులు, ఇంటి స్లాబు అన్నీ దాని మీద వాలతాయి. పెద్ద డాక్టర్ల పిల్లలకు స్టైపెండ్ చేతిఖర్చు. మన బిడ్డకు అదే ఇంటిల్లిపాది కూడు. ఇద్దరిదీ ఒకే వార్డు, ఒకే నైట్ డ్యూటీ.

ఇది ఉత్త డబ్బు సంగతి కాదు. 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి, 2023లో వరంగల్ డాక్టర్ ప్రీతి, ఇద్దరూ ఆదివాసీ బిడ్డలే, పీజీ చదువుతానే పోయినారు. వేధింపులే కారణమని ఇంటోళ్లు చెప్పినారు. వాళ్లది అప్పుల కథ అని నేను అనడంలేదు. రేపు ఇంకో బిడ్డకు వేధింపు ఎదురైతే, "లీవు పెడతా, కంప్లైంట్ ఇస్తా" అనేదానికి చేతిలో నాలుగు రూపాయలుండాల అంటున్నా. నెత్తిన అప్పుంటే నోరు లేవదు.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంటికి ఎంత పంపగలరో మొదటి నెలే చెప్పేయండి. మూడు నెలల ఖర్చు పక్కన పడేదాకా ఈఎంఐలు వద్దు, ఎవరి అప్పుకూ షూరిటీ సంతకం వద్దు. 2023 పీజీ రూల్స్ చదవండి: ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవ్ ఉంది, డ్యూటీ అవసరాన్ని బట్టి వారానికో రోజు సెలవుంది, హాస్టల్లోనే ఉండాలనే నిర్బంధం లేదు. అవి అడిగి తీసుకునే హక్కులు, ఎవరూ పెట్టే భిక్ష కాదు. పీజీ అయినాక సూపర్ స్పెషాలిటీకి పోవాలా, ఉద్యోగంలో చేరాలా అనేది మీరు తేల్చుకోవాల, ఇంటి అప్పు కాదు.

అమ్మల్లారా, నాయనల్లారా, మూడేళ్లు ఓపిక పట్టండి. కాయ పండకముందే కొమ్మ విరవొద్దు.

ఇంక మన సంఘాల సంగతి. సీటొచ్చిన రోజు శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం, మళ్లీ ఆ బిడ్డ మొహం చూడం. ఈ వారం మీకు తెలిసిన ఒక్క జూనియర్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. సాయం అడిగేదానికి కాదు. "తిన్నావా, నిద్రపోయినావా, ఎవరన్నా ఏమన్నా అంటాండారా" అని అడిగేదానికి.

జై ఆదివాసీ!