చాప వచ్చింది సరే, తాడు ఎవరి చేతికి?

మా అమ్మాయికి టెన్నిస్ పిచ్చి. పొద్దున్న ఆరింటికల్లా దాన్ని మా ఊరి క్లబ్బుకి తీసుకెళ్ళడం రెండేళ్ళుగా నా పని. మాది గోదావరి జిల్లాలో చిన్న టౌను. క్లబ్బులో ఉన్నవి రెండే మట్టి కోర్టులు. చుట్టూ వేపచెట్లు, ఓ పెద్ద నిద్రగన్నేరు. నీడ బాగుంటుంది. కానీ మాఘ ఫాల్గుణాలు వచ్చాయంటే చాలు, తెల్లారేసరికి కోర్టంతా ఆకే.

ఆ ఆకు ఊడ్చే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. మేం వెళ్ళేసరికే ఆవిడ కొబ్బరి చీపురు పుచ్చుకుని, నడుం పూర్తిగా వంచేసి ఊడుస్తూ ఉంటుంది. ఆట మొదలయ్యేలోగా రెండు కోర్టులూ అయిపోవాలి. ఒకరోజు ఉండబట్టలేక "నడుం నొప్పి పుట్టదా అమ్మా?" అని అడిగాను. "పుట్టకేం చేత్తాదండీ అమ్మగారూ! రాత్రి పడుకుంటే తెలుత్తాది" అని నవ్వేసి మళ్ళీ వంగింది.

ఇంటికొచ్చి ఊరికే ఓ లెక్క వేశాను. టెన్నిస్ కోర్టు గీతల మధ్య పొడవు 78 అడుగులు, వెడల్పు 36. ఆటగాళ్ళు పరిగెత్తడానికి చుట్టూ వదిలే ఖాళీ కూడా కలిపితే మామూలుగా 120 అడుగులకి 60. అంటే 7,200 చదరపు అడుగులు. మేముండే పోర్షను 600. అంటే ఆవిడ ఒక్క కోర్టు ఊడిస్తే మా ఇల్లు పన్నెండుసార్లు ఊడ్చినట్టు! రెండు కోర్టులంటే ఇరవై నాలుగిళ్ళు. నేను మా ఇల్లు ఒక్కసారి ఊడ్చి "అమ్మయ్య" అని కూర్చుంటాను.

ఆ తర్వాత పోటీలకని అమ్మాయిని వేరే ఊరు తీసుకెళ్తే, అక్కడ చూశాను ఈ చాపని. ఆరడుగుల వెడల్పు గొట్టం, దానికి వెనకాల పరిచినట్టుండే దట్టమైన వల, ముందు ఓ తాడు. ఒకబ్బాయి తాడు పట్టుకుని నిటారుగా నడుస్తున్నాడు, చాప వెనకాలే వస్తోంది. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ తిరిగాడు. ఆకూ పుల్లా చాపతోపాటే వచ్చేస్తున్నాయి. పైగా బూట్లు తొక్కిన గుంటలు సర్దుకుని నేల చదునవుతోంది. డ్రాగ్ మ్యాట్ అంటారట. మనకిది కొత్తేం కాదు, దమ్ము చేసిన మడిలో చదునుకి చెక్క లాగించడం చూసినవాళ్ళమే.

ఫ్రెంచ్ ఓపెన్ టీవీలో చూసేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. సెట్టు అయ్యేసరికి సిబ్బంది వలలు పట్టుకొచ్చి కోర్టంతా ఈడ్చి, గీతల్ని బ్రష్షుతో తుడిచి వెళ్ళిపోతారు. మట్టి కోర్టులున్న చాలా దేశాల్లో, మామూలు క్లబ్బుల్లో అయితే ఆడినవాళ్ళే ఆట అయ్యాక చాప లాగి వెళ్ళడం మర్యాద. తిన్న కంచం మనమే తీసినట్టన్నమాట.

మళ్ళీ లెక్క వేశాను. ఆరడుగుల చాపతో కోర్టంతా తిరిగితే సుమారు 1,200 అడుగుల నడక. అర కిలోమీటరు కూడా కాదు! ఆకు మరీ ఎక్కువ రాలినరోజు మధ్యలో నాలుగైదుసార్లు ఆగి చాప దులపాలి. నేల బురదగా ఉన్నప్పుడు లాగకూడదు, మట్టి ఉండలు కడుతుంది. సిమెంటు కోర్టు మీద ఇనప వల పనికిరాదు, గీరుకుపోతుంది. అక్కడ నైలానుదో కొబ్బరి పీచుదో వాడాలి. జాగ్రత్తలంటే ఇంతే. కోనసీమని పక్కనే పెట్టుకుని మనకి కొబ్బరి పీచు చాపకి కరువా?

మావారితో చెప్పించాను. క్లబ్బు పెద్దమనిషి ఒకాయన అన్నమాట ఇది: "ఊడవడానికి మనిషి ఉందిగా, చాపెందుకండీ?"

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మా అమ్మ పొత్రం పట్టుకుని గంటలకొద్దీ రుబ్బుతున్న రోజుల్లో గ్రైండరు మాట ఎత్తితే మా ఇంట్లో వినబడింది కూడా ఇదే. మనిషి ఉన్నచోట ఆ మనిషి నడుం ఖర్చులోకి రాదు.

సరే, ఊరుకున్నాను. ఫాల్గుణంలో ఒకరోజు, రాత్రి నీళ్ళు చల్లిన కోర్టు మీద తడి వేపాకు అతుక్కుని ఉంది. ఓ సభ్యుడుగారు దానిమీద జారిపడ్డారు. మడమ బెణికింది. వారం తిరక్కుండా చాప వచ్చేసింది! ఆవిడ నడుం ఎన్నేళ్ళుగా చెప్తున్నా వినబడనిది, ఆయన మడమ ఒక్కసారి చెప్తే వినబడింది.

పోనీలే, ఎలాగైతేనేం వచ్చిందని సంతోషించాను. మర్నాడు వెళ్తే తాడు పట్టుకుని ఓ కుర్రాడు కనిపించాడు. ఆవిడ బాత్‌రూముల దగ్గరుంది. ఇకనుంచి ఆవిడకి సగం పూట పనేనట, సగం జీతమేనట. "చాపొచ్చిందండీ, మనకింక పన్లేదంట" అంది. ఈసారి నవ్వలేదు.

అడిగితే వచ్చిన జవాబు: "ఆడమనిషి అది లాగలేదండీ, బరువు." రెండు కోర్టుల ఆకు గంపలకెత్తి నెత్తిన పెట్టుకుని గేటు బయటదాకా ఇన్నేళ్ళూ మోసిన మనిషి తాడు లాగలేదట!

నేను అనేది ఒక్కటే. పని సులువు చేసే వస్తువు రావాలి, కానీ ఆ పని ఇన్నాళ్ళూ చేసినవాళ్ళ చేతికే రావాలి. ఒళ్ళు వంగినన్నాళ్ళూ అది ఆడవాళ్ళ పని, నిటారుగా నిలబడి చేసే రోజొస్తే మగవాళ్ళ పని అంటే ఎలా? ఊడ్పులూ కోతలూ మన ఆడవాళ్ళు చేసినంతకాలం చేత్తోనే. మిషన్లొచ్చాక వాటి మీద కూర్చున్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో మీరే చూస్తున్నారుగా. అలాగని చాప వద్దు, చీపురే ఉండనీ అనడమూ సరికాదు. ఆవిడ కూలి నిలబడడం కోసం ఆవిడ నడుం విరగాలా? పని తొందరగా అయిందని జీతం కొయ్యడమూ న్యాయం కాదు. శుభ్రమైన కోర్టుకి ఇచ్చే జీతం అది, వంగున్నందుకు ఇచ్చేది కాదు.

పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులం ఐదుగురం వెళ్ళి ఇదే చెప్పాం. "ఒకసారి ఆవిడచేత లాగించి చూడండి" అన్నాం. ఆయనే నిలబడి చూశారు. ఆవిడ చెంగు బిగించి, తాడు భుజం మీద వేసుకుని కోర్టంతా తిరిగి, చాప మూలకి తీసుకెళ్ళి దులిపింది. పావుగంటైంది. "సరే, ఈ నెల చూద్దాం" అన్నారాయన. జీతం సంగతి ఇంకా తేల్చలేదు. అడగడం మేమూ మానలేదు.

మా అమ్మాయికి కూడా ఓ మాట చెప్పాను, ఆట అయ్యాక ఒక చుట్టు నువ్వూ లాగిరా అని. మొదట మొహం ముడుచుకుంది. ఇప్పుడు తనూ తన స్నేహితురాలూ వంతులేసుకుంటున్నారు.

మీ ఊళ్ళో బడి మైదానమో, షటిల్ కోర్టో ఊడుస్తున్న మనిషి కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎవరు వంగుతున్నారు, ఎవరు ఆడుతున్నారు? ఆ వంగినావిడ చేతికి ఓ తాడు ఇప్పించడం మనవల్ల కాదంటారా?